వనపర్తి గోడ మీద ఎవరి బొమ్మ?

హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనే ఏసీ గార్డ్స్ ఉంది. రోజూ ఆ దారిన పోయేవాళ్లలో చాలామందికి అదొక బస్సు స్టాపు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నది పూర్తి పేరు. నిజాం కొలువులో గుర్రాల మీద కాపలా కాసిన ఆఫ్రికా సిపాయిలు పెళ్లాంబిడ్డలతో కాపురమున్న చోటు అది. పాతవాళ్లు సిద్దీ రిసాలా అంటారు, అంటే ఆఫ్రికా సంతతివాళ్ల గుర్రపు దళం. ఆ దళం వేర్లు మాత్రం పాలమూరులో ఉన్నాయి. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ దళమే నిజాంకు చేరి అక్కడ ఆ పేరు తెచ్చుకుంది. సంస్థానాల గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతారు. ఆ వాక్యంలో ఇచ్చిన రాజు ఉంటాడు, పుచ్చుకున్న నిజాం ఉంటాడు. ఇవ్వబడినవాళ్లు మనుషులన్న సంగతి చదివేవాడికి తట్టేలోపు పేరా అయిపోతుంది.

ఆ ఒక్క వాక్యాన్ని కాస్త విప్పి చూడడానికే ఈ సంవాదం. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. అక్కడ ఒక గోడ ఇచ్చి, ఆ ఆఫ్రికా దళం గురించి బొమ్మ వెయ్యమన్నారనుకుందాం. అలా ఎవరూ అడగలేదు, ఇది వాదన కోసం పెట్టుకున్న ఊహ. మాట్లాడేవాళ్లూ కల్పితులే, అందుకే వాళ్లను ఊరి పేర్లతో పిలుస్తాను. వనపర్తి: చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్. గద్వాల: చీరల డిజైన్లు గీస్తూ బొమ్మలు వేసే యువతి. నాగర్‌కర్నూలు: పాట కట్టేవాడు, ఆలస్యంగా వస్తాడు. నా మొగ్గు గద్వాల వైపు, దాచను. కానీ వనపర్తి అడిగే వాటికి జవాబు దొరక్కపోతే ఆ మొగ్గుకు విలువ లేదు.

వనపర్తి: చూడమ్మా, నువ్వు ఏ రంగు వేసినా నేను అడిగేది ఒకటే. దానికి ఆధారమేది? సంస్థానం ఫౌజులో ఆఫ్రికన్లు ఉన్నారు, నిజం. నిజాం కొలువుకు పోయారు, నిజం. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది, రాజ్యం పోయింది, దళం రద్దయింది, గుర్రాలు పోయాయి, మనుషులు ఆ బస్తీలో మిగిలారు. ఇదీ నిజమే. దీన్ని దాటితే ఒక్క సిపాయి మొహం గానీ, మనసులో మాట గానీ మన చేతికి రాదు. చేతికి రానిదాన్ని గీస్తే అది నాటకం పరదా అవుతుంది, చరిత్ర కాదు. ఇంకోటి. ఇవాళ ఆఫ్రికా అనగానే మీ తరానికి కళ్లముందు కదిలేది 2018 నాటి బ్లాక్ పాంథర్ సినిమా. వకాండా అని ఒక రాజ్యం, ఎవరూ జయించని నల్లవాళ్ల నగరం. అది అమెరికాలో బానిసల మనవలకు కలిగిన కోరిక, వాళ్ల బాధలోంచి పుట్టింది, నేను తప్పుపట్టను. ఉర్దూ మాట్లాడుతూ, హైదరాబాదీల్లో హైదరాబాదీలుగా బతుకుతున్నవాళ్లకు ఆ చొక్కా ఎందుకు తొడగాలి? వాళ్లు అడిగారా?

గద్వాల: ఆధారం లేదనే ముందు ఎక్కడ వెతికామో కూడా చెప్పుకోవాలి కదా సార్. రాజుల దఫ్తరంలో వెతికితే రాజులే దొరుకుతారు. అలంపురం దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడితే అవతల కర్నూలు. 17వ శతాబ్దం మధ్యలో ఆ కర్నూలు సిద్దీ జౌహర్ అనే హబ్షీ, అంటే ఆఫ్రికా మూలమున్న, సర్దారు చేతిలో ఉండేది. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించింది ఆయనే. ఆయన అల్లుడు సిద్దీ మసూద్ ఆదోనిని ఏలాడు, కొన్నేళ్లు బీజాపూరు రాజ్యభారమే మోశాడు, ఆదోనిలో ఇవాళ్టికీ నిలిచి ఉన్న జామా మసీదు కట్టించాడు, చిత్రకారుల్ని చేరదీశాడు. 1688లో ఆదోని మొగలుల పాలైంది. తర్వాత అక్కడి బొమ్మలు, పుస్తకాలు కొన్ని బికనేర్ రాజు అనూప్‌సింగ్ వెంట రాజస్థాన్ చేరాయి. అంటే గద్వాల కోటకు కూతవేటు దూరంలో అనలేను గానీ, నది దాటితే చేరేంత దూరంలో, ఆఫ్రికా సంతతి మనిషి ఒకడు బొమ్మలు వేయించుకున్నాడు. మనం చదువుకున్న చరిత్రలో ఆయన ఎక్కడున్నాడు?

ఇక ఆధారం అని మీరు నమ్మే బొమ్మల సంగతి. మలిక్ అంబర్‌ను తీసుకోండి. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టిన మంత్రి. జహంగీర్ ఆయన్ను ఎంత ప్రయత్నించినా లొంగదీయలేకపోయాడు. ఆయన 1626లో ముసలితనంలో, తన మానాన తాను చనిపోయాడు. కానీ 1616 ప్రాంతంలో జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ వేసిన బొమ్మలో, భూగోళం మీద నిలబడ్డ పాదుషా, ఈటెకు గుచ్చిన అంబర్ తలను బాణాలతో కొడుతుంటాడు. జరగనిది గీశారు. అది పాదుషా కల. ఇవాళ డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో చరిత్ర విద్యార్థులకు అది ఆధారం. పాదుషా ఊహ నాలుగు వందల ఏళ్లు నిలిస్తే ఆధారమవుతుంది, ఏసీ గార్డ్స్ గురించి నేను ఊహిస్తే నాటకం పరదా అవుతుందా?

వనపర్తి: బాగా పట్టుకున్నావు. కానీ ఆ బొమ్మ జహంగీర్ మనసుకు ఆధారం, అంబర్ చావుకు కాదు. చరిత్ర చదివేవాళ్లం అలాగే వాడతాం. నువ్వు వేసే బొమ్మ కూడా రేపు నీ మనసుకు ఆధారమవుతుంది, ఆ సిపాయికి కాదు. ఆ తేడా నీకు తెలిస్తే చాలు. మసూద్ విషయానికొస్తే, ఆయన దొర. దొరల బొమ్మలు దొరుకుతాయి. బీజాపూరులో ఇఖ్లాస్‌ఖాన్ కూడా హబ్షీయే, సుల్తానుతో ఒకే ఏనుగెక్కిన బొమ్మ ఉంది. వాటిలో పర్షియా కనిపిస్తుంది, దక్కన్ కనిపిస్తుంది. ఆఫ్రికా ఎక్కడుంది? మొహం రంగులో తప్ప ఇంకెక్కడా లేదు. అది ఆఫ్రికా కళ ఎలా అవుతుంది?

గద్వాల: అసలు చిక్కు ఈ ప్రశ్నలోనే ఉంది సార్. ఓడ దిగిన మనిషి వెంట ఆఫ్రికా అనే ఒక ముద్ద వచ్చిందని, అది ఎంత మిగిలిందో తూకం వేసి చూడాలని అనుకుంటున్నాం. తూకంలో తక్కువొస్తే కళ లేదంటాం. నేను గుడ్డ పని చేసేదాన్ని, గుడ్డ సంగతే చెబుతాను. లండన్‌లో యింకా షోనిబారే అని నైజీరియా మూలాలున్న కళాకారుడు ఉన్నాడు. 2010లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద సీసాలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఓడ నమూనాను పెట్టాడు. తెరచాపలన్నీ చూడగానే ఆఫ్రికా అనిపించే రంగురంగుల గుడ్డ. ఆ గుడ్డ పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. జావా బాతిక్‌ను చూసి డచ్చివాళ్లు యంత్రాల మీద అచ్చేశారు, జావాలో అనుకున్నంత చెల్లలేదు, పశ్చిమాఫ్రికా ఆడవాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారు. ఇప్పుడు ప్రపంచమంతా అది ఆఫ్రికా గుడ్డే. మోసం ఏమీ లేదు అక్కడ. కట్టుకున్నవాళ్లు దానికి పేర్లు పెట్టారు, పెళ్లికేదో చావుకేదో తేల్చారు, అది వాళ్లదైంది.

మనకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. మద్రాసు చుట్టుపక్కల, ఇటు మన చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల గుడ్డ రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్న పేరుతో ఓడలెక్కి నైజీరియా పోయేది. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబారి జాతి ఆడవాళ్లు ఆ గుడ్డను తీసుకుని, కత్తితోనో బ్లేడుతోనో కొన్ని పోగుల్ని మాత్రం ఎంచి కోసి లాగేస్తారు. గళ్ల మధ్య కొత్త నమూనా తేలుతుంది. నేతగాడు నేసినదాంట్లోంచి తీసేస్తూ తమ బట్ట చేసుకుంటారన్నమాట. పేరంటాలకూ, చావులకూ ఆ బట్ట వాళ్లకు తప్పనిసరి. పోగు మనది, కోత వాళ్లది. దాన్ని ఆఫ్రికా కళ కాదనే ధైర్యం ఎవరికుంది? మరి ఆఫ్రికా నుంచి మనిషే ఇక్కడికొచ్చి, ఇక్కడి పోగుతో, ఇక్కడి డోలుతో, ఇక్కడి భాషతో ఏదైనా చేస్తే మాత్రం అందులో ఆఫ్రికా ఎంతుందని గుచ్చి గుచ్చి ఎందుకు అడుగుతాం?

ఇక్కడ రాసేవాడిగా ఒక మాట కలపాలి. గద్వాల చెప్పినదానికి పక్క రాష్ట్రంలో సజీవమైన రుజువు ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవి ఊళ్లలో ఉండే సిద్దీ ఆడవాళ్లు పాత చీరలు, చొక్కాల ముక్కలతో కవండి అనే బొంతలు కుడతారు. అంచున ఒక మూల మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, చుట్టు చుట్టుకూ లోపలికి జరుగుతూ నడిమికి చేరతారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ ముక్కల్ని పువ్వుల్లా పెట్టనిదే బొంత పూర్తయినట్టు కాదు. అమెరికా కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ వీటి మీద ఏళ్ల తరబడి పని చేశాడు. వీటిని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతల పక్కన పెట్టి చూసి రక్తం పలికిందని మురిసిపోవడం తేలిక. కానీ బొంత కుట్టని ఊరు పాలమూరులో మాత్రం ఏది? ముక్క మీద ముక్క వేసి కుట్టడం పేదరికానికి ఎక్కడైనా తెలిసిన పనే. సిద్దీల బొంతను సిద్దీలది చేసింది నరాల్లో దాగిన జ్ఞాపకం కాదు. ఏ మూల మొదలుపెట్టాలి, ఎక్కడ పువ్వు పెట్టాలి, ఏది లేకపోతే అసంపూర్ణం అన్న తీర్పులు వాళ్లవి. కళలో సొంతదనం అంటే నాకు తెలిసినంతలో ఆ తీర్పులే. వనపర్తి దీన్ని ఒప్పుకున్నా వాదన వదలడు, ఎందుకంటే అతని దగ్గర ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఉంది.

వనపర్తి: సరే, తీర్పులే సొంతదనం అన్నావు. అలాగైతే అది దక్కన్ కళ అను, హైదరాబాదీ కళ అను. మధ్యలో ఆఫ్రికా అన్న మాట దేనికి? నీ వాదనే ఆ మాటను అనవసరం చేసింది. ఆ మాట ఎవరు తెస్తారో చూడు. 1980లలో నీనాసం నాటక బృందంవాళ్లు కర్ణాటక సిద్దీలతో నాటకం ఆడించారు. ఏ నాటకం? చినువా అచెబె నవల థింగ్స్ ఫాల్ అపార్ట్‌కు కన్నడ రూపం. అచెబె రాసింది నైజీరియాలోని ఇగ్బోల గురించి. సిద్దీల పూర్వీకులు వచ్చింది ఎక్కువగా ఆఫ్రికా తూర్పు తీరం నుంచి. మధ్యలో ఖండం అడ్డం ఉంది. నల్లగా ఉన్నారు కాబట్టి ఇది మీ కథే అని చేతికిచ్చినట్టు లేదూ? సర్కారూ అంతే. కర్ణాటకలో వాళ్లు 2003 నుంచి షెడ్యూల్డ్ తెగ. మన దగ్గర 2007లో ముస్లిం వర్గాలకు చేసిన బీసీ-ఇ జాబితాలో సిద్దీ, హబ్షీ అన్న పేర్లు ఒక వరసలో ఉన్నాయి. సరిహద్దు దాటితే గుర్తింపు మారుతుంది. ఇచ్చేవాడెప్పుడూ బయటివాడే. రాజు ఇచ్చాడు, నిజాం పేరు పెట్టాడు, సర్కారు జాబితాలో రాసింది, నాటకంవాళ్లు ఆఫ్రికా ఇచ్చారు, ఇప్పుడు నువ్వు గోడ ఇస్తున్నావు.

గద్వాల: ఇచ్చేవాడు బయటివాడే, ఒప్పుకుంటాను. పుచ్చుకున్నాక ఏం చేశారన్నది మీరు చూడడం లేదు. ఆ నాటకం ఆడినవాళ్లు అచెబె దగ్గర ఆగిపోలేదు. సిద్దీ యువకులు, యువతులు నాటకం చదువు చదువుకుని కన్నడ రంగస్థలం మీదికీ, సినిమాల్లోకీ వచ్చారు. అరువు తెచ్చుకున్న కథలోంచి సొంత గొంతు తీశారు. ఇగ్బో కథ వాళ్లది కాదన్నారు. మనకు మాత్రం ఆ కథలు ఎక్కడివి? అలెక్స్ హేలీ రూట్స్‌ను సహవాసి ఏడు తరాలుగా తెలుగు చేస్తే తెలుగునాట దళితవాడల్లో, హాస్టళ్లలో, విద్యార్థి సంఘాల్లో అది తమ కథగానే చదివారు. అమెరికాలో బ్లాక్ పాంథర్ పార్టీ చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. రూట్స్ కథ మొదలయ్యే గాంబియాతో వీళ్లకేం చుట్టరికం? దూరపు కథను దగ్గరకు లాక్కోవడం చుట్టరికం ఉన్నవాళ్ల హక్కు మాత్రమే కాదు.

ఆఫ్రికా అన్న మాట ఎందుకన్నారు. తీసేస్తే ఏమవుతుందో మర్ఫా చెబుతుంది. యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులతో, ఈ ఆఫ్రికా సిపాయిలతో కలిసి హైదరాబాద్ చేరిన వాద్యం అది. నిజాం జమానాలో వేడుకల్లో వాయించారు, తర్వాత పెళ్లి బరాత్‌ల్లోకి దిగింది, తీన్‌మార్ దరువు అందులోంచే వచ్చిందంటారు. ఇప్పుడు బోనాల ఊరేగింపులో, గణేశ్ నిమజ్జనంలో, వనపర్తి పెళ్లిలో, గద్వాల జాతరలో తీన్‌మార్ లేనిదే కాలు కదలదు. తెలంగాణ దరువు అని గర్వంగా చెప్పుకుంటాం. మంచిదే. కానీ ఆ గర్వంలో వాయించినవాడు కరిగిపోయాడు. అందరిదీ అయింది కాబట్టి అతనిదని చెప్పనక్కర్లేదనుకున్నాం. దక్కన్ కళ అంటే సరిపోతుందని మీరన్నారే, అలా అన్నప్పుడు జరిగేది ఇదే. ఆఫ్రికా అన్న మాట నేను రక్తం కోసం వాడడం లేదు సార్, ఎవరు చేశారో మరిచిపోకుండా ఉండడానికి వాడుతున్నాను. స్టువర్ట్ హాల్ జమైకాలో పుట్టి ఇంగ్లాండులో బతికిన మనిషి. గుర్తింపు మనం ఎక్కడి నుంచి వచ్చామన్నదే కాదు, ఏమవుతున్నామన్నది కూడా అని 1990లో ఒక వ్యాసంలో వాదించాడు. రెండో సగం మీరు తీసుకున్నారు, మొదటిది వదిలేశారు.

ఈ జవాబు నాకు నచ్చింది గానీ దీంట్లో ఒక అపాయం కూడా ఉంది. మరిచిపోకుండా ఉండడమన్నది ఎవరి అవసరం? పాలమూరు మరిచిపోయిందని పాలమూరువాళ్లు బాధపడితే, ఆ బాధ తీర్చే పని ఏసీ గార్డ్స్ మీద పెట్టడం అన్యాయం. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడు ఈ చిక్కు లేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులను పోగుచేసి జవాబు చెప్పాడు. గద్వాల ప్రాంతంవాడు, తర్వాత 1952లో వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లినవాడు, తనవాళ్ల కోసం తాను చేసిన పని అది. గద్వాల ఈ గోడ మీద చెయ్యబోయేది తనవాళ్ల కోసం కాదు. ఈలోగా మూడోవాడు వచ్చాడు.

నాగర్‌కర్నూలు: మీరిద్దరు బొమ్మ కాడనే ఆగిండ్రు సార్. నాకు గుర్రం కాడ అనుమానమొస్తున్నది. సంస్థానం ఫౌజు ఎవని పైసల మీద బతికింది? రైతు కట్టిన శిస్తు మీద. గుర్రం మీద కూసున్నోడు ఏ రంగున్నా కింద నిలవడ్డోనికి భయమే. చెల్లె బొమ్మల ఆ సిపాయి హీరో అయితడు, మరి కిందున్నోడు ఏమైతడు? మా దిక్కు పండుగ సాయన్న కథ ఇంకా కిన్నెర మీద బతికున్నది. ఉన్నోళ్ల కాడ గుంజి లేనోళ్లకు పంచినోని కథ. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చినంక పట్నమోళ్లకు ఎరుకైంది గని, మాకు అంతకుముందే ఎరుక. సాయన్న కథ ఏ దఫ్తరంల లేకున్నా జనం దాసుకున్నరు, ఎందుకంటే ఆయన జనంల మనిషి. దొర కాడ జీతమున్న సిపాయిని జనం ఎందుకు దాసుకోవాలె? తట్టపార పట్టుకొని దేశమంత తిరిగి కట్టలు కట్టిన పాలమూరు లేబర్‌కే గోడ లేదాయె.

వనపర్తి: ఇతను నా పక్షాన వచ్చాడనుకున్నాను, ఇద్దరికీ పెట్టాడు.

గద్వాల: అన్న అడిగింది నిజమే. గుర్రం మీద నల్లమనిషి బొమ్మ కొత్తేం కాదు. 2019లో అమెరికాలో కెహిండె వైలీ అనే చిత్రకారుడు చేసిన విగ్రహం ఉంది, ఇప్పుడు వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో. బానిసత్వం కోసం యుద్ధం చేసిన సేనాధిపతి విగ్రహం ఠీవినే తీసుకుని, గుర్రం మీద జీన్స్ ప్యాంటేసుకున్న నల్ల యువకుణ్ణి కూర్చోబెట్టాడు. అక్కడ గుర్రం ఎప్పుడూ ఎక్కనివ్వనివాణ్ని ఎక్కించడం ఎదురుతిరగడం. ఇక్కడ నిజంగానే ఎక్కాడు, దొర కోసం ఎక్కాడు. ఆ బొమ్మను ఇక్కడికి తెస్తే అర్థం తిరగబడుతుంది. అందుకే నేను గుర్రాన్ని గియ్యను. దళం అనగానే మనకు మగవాళ్లే కనిపిస్తున్నారు, గమనించారా? సిపాయిల లైన్లలో కాపురాలున్నాయి. ఆడవాళ్లు ఎవరు? కొందరు ఓడల్లో వచ్చినవాళ్లు, కొందరు ఇక్కడి పిల్లలే అయ్యుండాలి. ఏ భాషలో జోలపాడారు? ఏ పండగకు ఏం వండారు? జీతమున్న సిపాయి ఇంట్లో జీతం లేని మనిషి ఆమె. అన్న చెప్పిన తట్టపార మనిషికి దగ్గరిది ఆమే. నా గోడ మీద ఆమె ఉంటుంది.

వనపర్తి: సిపాయికి మొహం లేదంటే, అతని భార్యకు పేరే లేదు. ఆధారం ఇంకా పలచనైన చోటికి పోతున్నావు. ఏడు తరాలు అన్నావు గదా ఇందాక. దాని సంగతి చివరిదాకా చెప్పు. హేలీ తన వంశం కుంటా కింటే అనే ఆఫ్రికా పూర్వీకుడి దాకా పోతుందని, గాంబియాలో జుఫురె ఊళ్లో కథకుడు చెప్పగా విన్నానని నిజంగా జరిగినట్టే రాశాడు. తర్వాత చరిత్రకారులు వెతికితే చాలా చోట్ల అతుకు కుదరలేదు. వేరే నవలలోంచి తీసుకున్న భాగాలున్నాయని దావా పడితే 1978లో డబ్బిచ్చి రాజీ చేసుకున్నాడు. కోట్లమందికి ధైర్యమిచ్చిన పుస్తకం, కాదనను. కానీ దాన్ని ఎగతాళి చెయ్యాలనుకున్నవాళ్లకు ఆ అతుకులే దొరికాయి. ఊహను నిజమని చెబితే, ఎవరి కోసం ఊహించావో వాళ్ల మీదికే దెబ్బ వస్తుంది.

గద్వాల: అందుకే అలా చెప్పకూడదు. హేలీ తర్వాత వచ్చిన నల్లజాతి రచయిత్రులు ఆ దారిన పోలేదు. టోనీ మారిసన్ 1987లో బిలవెడ్ రాసింది. 1856లో బానిసత్వం నుంచి పారిపోతూ పట్టుబడి, బిడ్డ మళ్లీ బానిస కాకూడదని చంపుకున్న మార్గరెట్ గార్నర్ సంగతి దానికి మూలం. ఆమె జీవితచరిత్ర అని మారిసన్ చెప్పుకోలేదు, నవల అంది. సైదియా హార్ట్‌మన్ అనే పండితురాలు 2008లో రాసిన వ్యాసంలో ఇంకా ముందుకు పోయింది. బానిస ఓడ మీద చనిపోయిన ఒక అమ్మాయి గురించి దావా కాగితాల్లో రెండు ముక్కలున్నాయి, అంతే. ఆ అమ్మాయి కథ ఊహించాలని ఉంది, ఊహిస్తే మళ్లీ ఆమెను వాడుకున్నట్టవుతుందేమోనన్న భయం ఉంది. ఆ రెండింటినీ పాఠకుడి ముందు పెట్టింది. కాగితం ఎక్కడ ఆగిందో, తన ఊహ ఎక్కడ మొదలైందో దాచలేదు. నా గోడ మీద కూడా ఆ గీత కనిపించాలి. దొరికినదంతా ఒక రంగులో, ఊహించినదంతా వేరే రంగులో. ఆ గీత ఎక్కడ గియ్యాలో మీరే చెప్పాలి సార్. మీ ఆధారం నాకు అడ్డు కాదు, నా బొమ్మలో సగం అదే.

వనపర్తి: ఆ మాట ముందే అంటే ఇంత వాదన ఉండేది కాదు. కానీ ఒకటి మిగిలింది. కరీబియన్ కవి ఎడ్వార్డ్ గ్లిస్సాం, మనుషులకు ఇతరులకు పూర్తిగా అర్థం కాకుండా ఉండే హక్కు ఉందన్నాడు. నువ్వు చెప్పిన ఆ అమ్మ, ఆమె మనవరాళ్లు, వాళ్లకు మనకు అర్థం కావాలని ఉందో లేదో. మా ముత్తాత సోమాలీ అని చెప్పుకోవడం ఒకరికి గర్వం, ఇంకొకరికి పిల్ల పెళ్లికి అడ్డం. పచ్చి నిజం అది. రోడ్డు మీద పిల్లలు జుట్టు చూసి వెక్కిరిస్తే పడేది మనం కాదు. నువ్వు గోడ మీద వేసి చూపించాక వాళ్లు దాక్కోవడానికి చోటు లేకుండా పోతుంది.

నాగర్‌కర్నూలు: సాయన్న కథ సాయన్నోళ్లే చెప్పిండ్రు. గది ఒక్కటే నాకెరుక.

ఈ చోట వాదన గెలిచేవాడు లేడు. వనపర్తి చెప్పినది భయం మాత్రమే కాదు, పరిశోధకులు రాసిన అనుభవం కూడా. ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిండా యిమెనె హైదరాబాద్ సిద్దీల గుర్తింపు మీద 2004లో పుస్తకమే తెచ్చాడు. ఒకే బస్తీలో మూలాన్ని చెప్పుకునేవాళ్లు, చెప్పుకోనివాళ్లు కలిసే ఉంటారు. 2013లో న్యూయార్క్‌లోని షోంబర్గ్ సెంటర్ భారతదేశంలో ఆఫ్రికన్ల మీద ప్రదర్శన పెట్టినప్పుడు మలిక్ అంబర్‌లు, గుజరాత్‌లోని సచిన్ సంస్థానం నవాబులు గోడలెక్కారు. సేనానులకూ పాలకులకూ చోటు తేలిగ్గా దొరుకుతుంది, వాళ్లు వద్దనడానికి బతికి లేరు. ఏసీ గార్డ్స్ బతికి ఉంది. బతికి ఉన్నవాళ్ల బొమ్మ వెయ్యడమంటే ముందు బేరం, తర్వాతే కుంచె. ఈ సంవాదంలో నాకు నచ్చని సంగతి కూడా ఇదే, ముగ్గురిలో ఒక్కరూ సిద్దీ కాదు. నేనూ కాదు.

గద్వాల: అడగకుండా గియ్యను సార్. ముందు రిసాలాకు పోతాం. ఆడవాళ్లతో మాట్లాడతాం.

వనపర్తి: వద్దంటే?

గద్వాల: గోడకు సున్నం కొట్టించి ఊరుకుంటాను. ఒకరు ఔనని ఒకరు వద్దంటే, ఔనన్నవాళ్ల ఇంటి సంగతులే గీస్తాను, మొహాలు లేకుండా. కింద రాయాల్సిన నాలుగు మాటలు మీరు రాయండి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఒక్క షరతు. రాజు ఇచ్చాడు అన్న ముక్క మాత్రం వద్దు.

వనపర్తి: అది తీసేస్తే వనపర్తిలో ఈ గోడ ఎందుకున్నట్టు? ఆ రాజుల్లో ఆఖరివాడు, ఆయన పేరూ రామేశ్వరరావే, 1950లలో మన దేశం తరఫున నైరోబీలో, తర్వాత అప్పటి గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇవాళ్టి ఘనాలో, దౌత్యవేత్తగా పని చేశాడు. తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీ, ఓరియంట్ లాంగ్‌మన్ అధిపతి. పూర్వీకుడు ఆఫ్రికావాళ్లను కొలువులో పెట్టుకున్నాడు, వారసుడు స్వతంత్రం కోసం లేస్తున్న ఆఫ్రికా దగ్గరికి దూతగా పోయాడు. ఇది నీకు బొమ్మ కాదా?

గద్వాల: బొమ్మే. కానీ అది వేరే గోడ.

వనపర్తి: వేరే గోడ ఎవరిస్తారు? సరే, రాస్తాను. ఇచ్చాడు అనను, పంపాడు అంటాను. జీతానికి వచ్చినవాళ్లు, బానిసలుగా తేబడ్డవాళ్లు, ఇద్దరూ ఉన్నారని రాస్తాను. రామేశ్వరరావు పేరు మాత్రం తియ్యను.